చెప్పులు విడిచే మరొక దేశము



తెల్లవారి దేశములన్నిటిని ఒకే గాటన కట్టి మాట్లాడుట మన పల్లెలలో అలవాటు. అక్కడివారు బూట్లతోనే ఇంట తిరుగుదురనియు, ఎవరి దారి వారిదేననియు, పిల్లలకు భయభక్తులు ఉండవనియు అనుకొందుము. అయితే యూరపు ఖండపు ఉత్తరపు కొసన ఉన్న స్వీడను దేశములో, ఇంటికి వచ్చినవాడు ఎంత గొప్పవాడైనను గడప దగ్గరనే బూట్లు విడిచి, మేజోళ్లతో లోపలికి రావలెను. మన ఇండ్లలో వలెనే అక్కడను గడపలో చెప్పుల వరుస కనబడును. మంచు, బురద ఇంటిలోనికి తేరాదన్నది వారి కారణము. కారణము ఏదైనను, చెప్పులు విడుచు మరొక దేశము కలదని తెలిసికొనుట మనకు కొంత దగ్గరితనము కలిగించును.

ఈ నెల ఈ శీర్షికలో ఆ దేశపు ఇంటి సంగతులు వ్రాయుటకు కారణము ఉన్నది. మన సంఘములలోని కొన్ని కుటుంబముల పిల్లలు చదువుల కొరకు, కంప్యూటరు ఉద్యోగముల కొరకు స్టాక్‌హోము, గోతెన్‌బర్గు వంటి పట్టణములకు వెళ్లియున్నారు. కూతురి కాన్పుకో, కోడలి కాన్పుకో ఇక్కడినుండి తల్లులు విమానమెక్కు రోజులివి. పచ్చళ్లు, పొడులు మూటగట్టుకొని వెళ్లువారు ఆ దేశపు మర్యాదలను కూడ కొంత తెలిసికొని వెళ్లిన మేలు కదా! వెళ్లని మనకును ఇందులో ఆలోచించుకొనదగినవి కలవు.

ముందుగా దేశపు కొలతలు చెప్పుదుము. స్వీడను వైశాల్యము సుమారు నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రములు కలిపినను రెండు ముప్పావు లక్షలే. జనాభా మాత్రము 2017 జనవరిలో కోటి దాటినది, నేటికిని కోటిన్నరకు చాల తక్కువే. అంత భూమిలో అంత కొద్దిమంది! మిగిలినదంతయు అడవులు, సరస్సులు. చలికాలపు నడుమ స్టాక్‌హోములో పగలు సుమారు ఆరు గంటలే, మధ్యాహ్నము మూడు కాకమునుపే సూర్యుడు అస్తమించును. ఉత్తరమున కిరూనా పట్టణములో డిసెంబరులో కొన్ని వారములు సూర్యుడు పైకే రాడు. వేసవిలో అదే ఊరిలో అర్ధరాత్రియు ఎండ కాయును. ఈ చీకటిని, ఈ వెలుగును మనస్సులో పెట్టుకొనకుండ ఆ ప్రజల అలవాట్లు మనకు అర్థము కావు.

మాట, మర్యాద

అక్కడ మొదట నేర్చుకొనవలసిన మాట ‘టాక్’. అనగా కృతజ్ఞత. అంగడిలో చిల్లర తీసికొన్నప్పుడు టాక్, బస్సు దిగినప్పుడు టాక్. భోజనము ముగిసిన వెంటనే పిల్లవాడు మొదలుకొని ఇంటి యజమానివరకు వండినవారికి టాక్ చెప్పి గాని బల్ల యొద్దనుండి లేవరు. అంతేకాదు, విందుకు వెళ్లివచ్చిన తరువాత ఎన్ని దినములకు ఆ ఇంటివారు కనబడినను, ‘మొన్నటి దానికి టాక్’ అని మరల జ్ఞాపకము చేయుదురు. మన ఇండ్లలో వండి వడ్డించు తల్లికి ఒక్క మంచి మాట చెప్పు వారెందరు? ఉప్పు తక్కువైన దినమున మాత్రము నోరు తెరచువారే ఎక్కువ.

సమయము విషయములో వారు కఠినులు. ఆరు గంటలకు రమ్మన్నచో ఆరు గంటలకే రావలెను. కొందరు ముందుగా వచ్చి, గడియారము చూచుకొనుచు వీధిలో నిలిచి, ఆరు కొట్టగానే తలుపు తట్టుదురు. ముందుగా చెప్పకుండ ఒకరి ఇంటికి పోవుట అరుదు. మందుల షాపు, కార్యాలయము మొదలగు చోట్ల చీటీ యంత్రము ఉండును. నంబరు చీటీ తీసికొని తన వంతు వచ్చువరకు కనిపెట్టవలెను. అధికారి బంధువైనను, ధనవంతుడైనను, ముందుకు తోసికొని పోవుట పెద్ద తప్పు.

పిలుపుల సంగతి మనకు ఆశ్చర్యము కలిగించును. పూర్వము స్వీడనులో ఎదుటివారిని వారి హోదాతోనే పిలువవలెను. డాక్టరుతో మాట్లాడుచు, ‘డాక్టరుగారికి కాఫీ కావలెనా?’ అని మూడవ మనిషిని గూర్చి అడిగినట్లు అడుగవలసి వచ్చెడిది. హోదా తెలియనిచో నోరు మెదపలేని పరిస్థితి. 1967లో జాతీయ వైద్య శాఖకు అధిపతిగా వచ్చిన బ్రోర్ రెక్సేద్ అను ఆయన, తన సిబ్బంది అందరిని ‘దూ’ అని, అనగా ‘నువ్వు’ అని పిలిచెదనని, తనను కూడ అట్లే పిలువవచ్చునని ప్రకటించెను. అప్పటికే మొదలైన మార్పు అటు తరువాత దేశమంతట వ్యాపించినది. నేడు బడిపిల్లలు ఉపాధ్యాయుని పేరు పెట్టి పిలుతురు. పాస్టరును కూడ పేరుతోనే పిలుతురు. ‘అయ్యగారు’ అను పిలుపుకు అలవాటుపడిన మా చెవులకు ఇది వింతయే. మనకు ‘గారు’ అనునది ప్రేమతో కూడిన గౌరవము, దానిని విడువనక్కరలేదు. అయితే పాలేరును, పాకీ పనివానిని ‘ఒరే’ అని, మోతుబరిని ‘అయ్యా’ అని పిలుచు నోరు ఒక్కటే అయినప్పుడు, మన గౌరవము మనిషికా, పొలముకా అని ఆ దేశము మనలను అడుగుచున్నట్లున్నది.

కాఫీ, మిఠాయి, అడవిపండ్లు

స్వీడను ప్రజలు కాఫీ ప్రియులు. ఉదయమొకసారి, మధ్యాహ్నమొకసారి పని ఆపి కాఫీ త్రాగుచు కూర్చుండుటను ‘ఫీకా’ అందురు. కార్యాలయములో అధికారియు, గుమాస్తాయు, ఊడ్చువాడును ఒకే బల్ల యొద్ద కూర్చుందురు. యాలకుల పొడి కలిపిన పిండితో, దాల్చినచెక్క చల్లి చుట్టిన బన్ను ఆ కాఫీకి తోడు. ఆదివారము ఆరాధన తరువాత గుడిలో ఇచ్చు కాఫీకి ప్రత్యేకముగా ‘చర్చి కాఫీ’ అనియే పేరు. ఒంటరిగా ఉన్న వృద్ధులు అనేకులకు వారములో నలుగురితో మాట్లాడు తావు అదియే.

పిల్లల మిఠాయికి ఒక దినమున్నది. దానిని ‘శనివారపు మిఠాయి’ అందురు. వారమంతయు అడుగక, శనివారమున అంగడికి పోయి సంచిలో తమకిష్టమైనవి ఏరి తెచ్చుకొందురు. ఈ మంచి అలవాటు వెనుక ఒక చేదు చరిత్ర కలదు. 1940లలో లుండు పట్టణము దగ్గర విపెహోల్మ్ అను ఆసుపత్రిలో, బుద్ధిమాంద్యము గల రోగులకు పండ్లకు అంటుకొను మిఠాయిలు పెట్టి, పండ్లు ఎట్లు పుచ్చునో పరీక్షించిరి. ఆ రోగుల సమ్మతి ఎవరును అడుగలేదు. వారి పండ్లు పాడైనవి. ఆ పరీక్షలవలన తెలిసినదేమనగా, తీపి ఎంత తినిరనుటకంటె ఎన్నిసార్లు తినిరనునదే పండ్లకు ఎక్కువ హాని. అందుచేత 1950ల చివర వారమునకొకసారి చాలునని వైద్యులు సలహా ఇచ్చిరి. నోరులేనివారు పడిన బాధ మీద నోరున్నవారి ఆరోగ్యము నిలిచినది. ఈ సంగతిని ఆ దేశస్థులు నేడు దాచక చెప్పుకొనుచున్నారు.

మన పల్లెవారు మెచ్చుకొను మరొక ఆచారము ఉన్నది. ఎవరి అడవియైనను, ఎవరి కొండయైనను, అందులో నడచుటకు, అడవిపండ్లు, పుట్టగొడుగులు ఏరుకొనుటకు, ఒకటి రెండు రాత్రులు గుడారము వేసికొనుటకు ప్రతి మనిషికి హక్కు కలదు. దీనిని ‘అందరి హక్కు’ అందురు. 1994లో ఇది రాజ్యాంగములోను చేర్చబడినది. హక్కుతోపాటు కట్టడియు ఉన్నది. ఇంటి పెరటిలోనికి పోరాదు, పైరు త్రొక్కరాదు, చెట్టు నరకరాదు, చెత్త వేయరాదు. సెంటు భూమి లేనివాడును ఆగస్టు నెలలో బిడ్డలతో అడవికి పోయి, బకెట్లతో నీలిపండ్లు తెచ్చి చలికాలమునకు దాచుకొనగలడు. బోయజు యజమాని పొలములో పరిగె ఏరుకొనిన రూతు మనకు జ్ఞాపకము రాకమానదు.

సారాపై కట్టడి

నూరు నూటయేబది యేండ్ల క్రిందట స్వీడను పేద దేశము. పంటలు పోయి, 1867 నుండి 1869 వరకు కరవు వచ్చినది. 1850 మొదలు 1930 వరకు పది లక్షలకు పైగా ప్రజలు అమెరికాకు వలసపోయిరి. ఆ వలసవారు 1860లో స్థాపించుకొన్న అగస్టానా లూథరన్ సినడు మన రాజమండ్రి ప్రాంతమునకు కూడ మిషనరీలను పంపినది. ఆకలితో ఊరు విడిచినవారి పిల్లలు మన గోదావరి ఒడ్డుకు వచ్చిరన్నమాట!

ఆ పేదరికమునకు తోడు బంగాళాదుంపల సారా ఉండెను. ఇంటింట కాచుకొనెడివారు. దానికి ఎదురు నిలిచినవారు స్వతంత్ర సంఘముల విశ్వాసులు, మద్యనిషేధ సమాజములవారు. 1922లో సంపూర్ణ నిషేధముపై ఓటింగు జరుగగా, చాల కొద్ది తేడాతో నిషేధము ఓడిపోయినది. ఆ కాలమున ఒక్కొక్కరికి ఇంత మాత్రమేయని రేషను పుస్తకము ఉండెడిది, అది 1955లో తీసివేయబడినది. నేటికిని ఘాటైన మద్యమును చాలవరకు ప్రభుత్వ దుకాణములే అమ్మును. అవి శనివారము మధ్యాహ్నముతో మూసివేయబడి, ఆదివారమంతయు తెరువబడవు. త్రాగుడు ఆ దేశములో లేదని మేము చెప్పము. పండుగ రాత్రులలో బాగుగనే త్రాగుదురు. కాని దుకాణపు అమ్మకములో సొంత లాభము ఎవరికిని ఉండరాదన్న నియమము చాలవరకు నిలిచియున్నది.

పాదిరిగారు ఊరికి వచ్చిన దినము

స్వీడను సంఘము లూథరన్ సంఘము. 1593లో ఉప్సాలా పట్టణములో జరిగిన సభలో ఆ విశ్వాసము స్థిరపరచబడినది. 1686లో వచ్చిన సంఘ చట్టము ప్రకారము ప్రతి ఇంటివారు వాక్యమును, ప్రశ్నోత్తరిని ఎరిగియుండవలెను. పాదిరిగారు ఏటేట ఊరికి వచ్చి, ఒక ఇంట అందరిని కూర్చుండబెట్టి, యజమానిని, భార్యను, పిల్లలను, పాలేరును, పనిపిల్లను ఒక్కొక్కరిని చదివించి ప్రశ్నలడిగెడివారు. ఎవరు బాగుగా చదివిరో, ఎవరు తడబడిరో పుస్తకములో గురుతు పెట్టెడివారు. తరువాత అందరు కలిసి భోజనము. 1842లో ఊరూర బడి పెట్టవలెనని చట్టము రాకమునుపే ఆ దేశపు పల్లెలలో ఎక్కువమంది చదువగలిగియుండుటకు ఈ పరీక్షయే ముఖ్య కారణము. ఆడపిల్లకు, పనిపిల్లకు కూడ అక్షరము వచ్చినది. ఇండ్లలో తల్లులే మొదటి గురువులైరి.

నేటి స్థితి వేరు. 2000 జనవరి 1న సంఘము ప్రభుత్వమునుండి వేరైనది. జనాభాలో సుమారు సగముమంది పేర్లు ఇప్పటికిని సంఘపు పుస్తకములో ఉన్నవి గాని, ఆదివారమున బల్లలు చాలవరకు ఖాళీ. అయినను సంవత్సరమంతయు ఆ పాత విశ్వాసపు గురుతులు ఇండ్లలో వెలుగుచునే ఉండును. క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారములు నాలుగు కొవ్వొత్తులు ఒక్కొక్కటిగా వెలిగింతురు. ప్రతి కిటికీలో కాగితపు నక్షత్రమో, దీపముల స్తంభమో ఉండును. గుడికి పోనివాని కిటికీయు చీకటిగా ఉండదు. డిసెంబరు 13న లూసియా పండుగ. తెల్లని వస్త్రము ధరించిన బాలిక తలపై దీపముల కిరీటముతో, వెనుక పిల్లలు పాడుచు రాగా, బడులకు, ఆసుపత్రులకు, వృద్ధుల ఆశ్రమములకు పోవుదురు. క్రిస్మసు విందు 24వ తేదీ సాయంకాలమే జరుగును. 25న తెల్లవారకమునుపే జరుగు ఆరాధనకు పూర్వము మంచులో దివిటీలు పట్టుకొని, గుఱ్ఱపు బండ్లపై వచ్చెడివారు. మన పల్లెలలో క్రిస్మసు వేకువను పెట్రోమాక్సు దీపములతో పాటలు పాడుచు ఇంటింటికి తిరిగిన పెద్దలకు ఆ దృశ్యము అర్థమగును.

జూను నెలలో మధ్య వేసవి పండుగ. పూలతో చుట్టిన స్తంభము నిలిపి, ముసలివారు, పిల్లలు చేతులు పట్టుకొని దాని చుట్టు ఆడుదురు. కొత్త బంగాళాదుంపలు, ఊరబెట్టిన హెర్రింగ్ చేప, స్ట్రాబెర్రీ పండ్లు ఆ దినపు భోజనము. నవంబరు ప్రారంభమున సర్వపరిశుద్ధుల దినమున సమాధుల తోటలన్నియు కొవ్వొత్తులతో నిండిపోవును. చల్లని చీకటిలో వేలకొలది చిన్న దీపములు! నోరు విప్పి దుఃఖము చెప్పుకొనుట ఎరుగని ఆ ప్రజలు ఒక దీపము పెట్టి మౌనముగా నిలుచుందురు.

తండ్రి చేతిలో తోపుడు బండి

ఇక పిల్లల సంగతికి వత్తము. స్టాక్‌హోము వీధులలో పగటివేళ చంటిబిడ్డ తోపుడు బండిని తోసికొని పోవు మగవారు కనబడుదురు. వారు పనిలేనివారు కారు. బిడ్డ పుట్టినప్పుడు తల్లికేగాక తండ్రికిని జీతపు సెలవు ఇచ్చిన మొదటి దేశము స్వీడను. అది 1974లో జరిగినది. నేడు ఒక బిడ్డకు తలిదండ్రులిద్దరికి కలిపి 480 దినముల సెలవు కలదు. ఇందులో 90 దినములు తండ్రికి, 90 దినములు తల్లికి ప్రత్యేకింపబడినవి. తండ్రి తన దినములను వాడుకొనకపోయిన అవి పోవును గాని తల్లికి ఇచ్చుటకు వీలులేదు. 2024 జులై నుండి కొన్ని దినములను ఆ దేశములోనే పనిచేయుచున్న తాతకో, అమ్మమ్మకో ఇచ్చుటకును వీలు కలిగినది. అక్కడికి వెళ్లిన మన తల్లులు అల్లుడు బిడ్డకు గుడ్డలు మార్చుచుండగా చూచి, ‘అయ్యో, మగవాడివి, నీకెందుకయ్యా’ అని చంటిబిడ్డను లాగుకొనవద్దని మా మనవి. ఆ తండ్రి చేతులు బిడ్డకు అలవాటు కానిండు.

కొన్ని మాసముల క్రిందట ప్రయాణమునకు సిద్ధపడుచున్న ఒక తల్లి మమ్మును అడిగినది: ‘అయ్యగారూ, అక్కడ మనవడిమీద చెయ్యి చేసికొనకూడదట. మావాడు ఫోనులో మరీ మరీ చెప్పుచున్నాడు. నేను వాడిని నాలుగు తగిలించియే పెంచితిని. వాడు పాడైపోయెనా? బైబిలులో బెత్తము మాట ఉన్నది కదా?’

ఇది ఆమె ఒక్కతె ప్రశ్న కాదు. మన సంఘములలో అనేకుల ప్రశ్న. గనుక నిదానముగా చూతము.

స్వీడనువారు మొదటినుండి మెత్తనివారు కారు. బెత్తము మాటను పట్టుకొని తరతరములుగా ఇంటిలోను బడిలోను కొట్టినవారే. 1958లో ప్రాథమిక పాఠశాలలలో కొట్టుట నిషేధించిరి. 1966లో తలిదండ్రులకు ఆ అధికారమిచ్చిన మాటను చట్టమునుండి తీసివేసిరి. 1979లో, లోకములో మొట్టమొదటిసారిగా, తలిదండ్రులును బిడ్డను కొట్టరాదని స్పష్టముగా చట్టము చేసిరి. పార్లమెంటులో అనుకూలముగా 259 మంది, వ్యతిరేకముగా 6 మంది ఓటు వేసిరి. ఆ కుటుంబ చట్టములో శిక్ష ఏదియు వ్రాయలేదు, గాయపరచిన సంగతి వేరే నేరచట్టము చూచుకొనును. శిక్షకంటె బోధకే వారు ఎక్కువ ప్రయాసపడిరి. పిల్లలున్న ఇండ్లకు చిన్న పుస్తకమును పంచిరి. ప్రతి ఉదయము బల్లమీదికి వచ్చు పాల డబ్బాలపైన ఈ సంగతి అచ్చువేసిరి. తండ్రి, తల్లి, బిడ్డ పాలు పోసికొనుచు దానిని గూర్చి మాట్లాడుకొనిరి. కొట్టుట క్రమముగా తగ్గినది. తరువాత ఫిన్లాండు, నార్వే, అటుపిమ్మట అరువదికి పైగా దేశములు ఆ దారి పట్టినవి. మన దేశములోను 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించియున్నది.

ఆ చట్టమునకు ముందటి యేడు, 1978లో, పిల్లల కథలు వ్రాసిన ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అను స్వీడను రచయిత్రి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో శాంతి బహుమానము పుచ్చుకొనుచు ఒక సంగతి చెప్పెను. దానిని మా మాటలలో చెప్పుదుము. ఒక వృద్ధురాలు తన పడుచు ప్రాయమున జరిగినదానిని ఆమెకు చెప్పినదట. ఆ కాలమున బెత్తము వాడని తల్లి మంచి తల్లి కాదని అందరు నమ్మెడివారు. ఈమెకు కొట్టుట ఇష్టము లేదు. అయినను ఒక దినమున చిన్న కుమారుడు చేసిన పనికి కొట్టక తప్పదనుకొని, తోటలోనికి పోయి నీవే ఒక బెత్తము తెమ్మని పంపెను. పిల్లవాడు ఎంతసేపటికిని రాలేదు. చివరకు ఏడ్చుచు వచ్చి, బెత్తము దొరకలేదని, అయితే ఈ రాయి దొరికినదని, దీనిని తనమీద విసరవచ్చునని చెప్పెను. అప్పుడు తల్లికి బిడ్డ కన్నులలోనుండి తన రూపము కనబడెను. అమ్మకు నన్ను నొప్పించుటయే కావలెను, అందుకు బెత్తమైన నేమి, రాయియైన నేమి అని ఆ పసివాడు తలంచెను. ఆమె వానిని కౌగిలించుకొని ఏడ్చెను. ఆ రాయిని వంటగదిలో అలమారుమీద పెట్టి, తన జీవితమంతయు తనకు జ్ఞాపకముగా ఉంచుకొనెను.

బెత్తము మాటను మేము కొట్టివేయుట లేదు. కాని కాపరి చేతి కఱ్ఱ ఏ పనికి ఉన్నదో గొఱ్ఱెలు కాచిన మన పెద్దలను అడుగుడి. దారి మళ్లించుటకు, గోతిలో పడినదానిని లాగుటకు, తోడేలును తరుముటకు. మందను చావబాదు కాపరిని ఏ ఊరువారును పెట్టుకొనరు. దిద్దుబాటు వేరు, మన కోపము తీర్చుకొనుట వేరు. పొలములో కూలి దొరకని దినమున, ఇంటాయన త్రాగి వచ్చిన దినమున పిల్లవాని వీపుమీద పడిన దెబ్బలు ఎవరి తప్పుకు పడినవో మన మనస్సాక్షికి తెలియును. ఆ తల్లి కుమారుడు పాడైపోలేదు, నిజమే. అయితే వానిని నిలబెట్టినది దెబ్బలా, లేక తాను పస్తుండి వానికి పెట్టిన అన్నమా? పరదేశములో ఉండి ఆయన తన బిడ్డమీద చెయ్యెత్తవద్దని తల్లిని వేడుకొనుటలోనే ఒక జవాబు ఉన్నది. ఆ దెబ్బలను ఆయన మరువలేదు.

వారికి కొరతయైనది

అట్లని స్వీడను పరలోకము కాదు. ఇరువది యేండ్లు దాటగనే పిల్లలు వేరింటికి పోవుదురు. నూరు ఇండ్లలో సుమారు నలువది ఇండ్లలో ఒక్కరే నివసింతురు. వృద్ధులను చూచు బాధ్యత పురపాలక సంఘముది. పనివారు వచ్చి స్నానము చేయించి, భోజనము ఇచ్చి, మందు వేసి పోవుదురు. సమయమునకు వత్తురు, శుభ్రముగా చేయుదురు, మర్యాదగా మాట్లాడుదురు. ఆకలితో ఏ ముసలితల్లియు వీధిలో పడియుండదు. ఇది చిన్న సంగతి కాదు, దీనికొరకు వారు భారమైన పన్నులు కట్టుచున్నారు. కాని పనివారు వెళ్లిన తరువాత ఆ గదిలో గడియారపు చప్పుడే తోడు. చీకటి ఆరు నెలలు దీర్ఘమైనవి.

మన ఊరిలో అరుగుమీద కూర్చున్న అవ్వకు దారిన పోవువారందరు పలుకరింపే. కాని ఆ అవ్వకు జ్వరము వచ్చినప్పుడు మందు తెచ్చువారు ఎవరు? కొడుకులు వంతులు వేసికొని, నెలకొక ఇంట పెట్టి, ముంత చేతికిచ్చి పంపు సంగతులు మనము ఎరుగనివా? వారి యొద్ద ఏర్పాటు ఉన్నది, మాట తక్కువ. మన యొద్ద మాట ఉన్నది, ఏర్పాటు తక్కువ. ఒకరిని చూచి మరొకరు నవ్వుటకు ఇక్కడ ఏమియు లేదు.

గనుక ప్రయాణమగు తల్లులారా, కొన్ని మాటలు మనస్సున ఉంచుకొనుడి. టాక్ అను మాట ధారాళముగా వాడుడి. అపార్టుమెంటులలో బట్టలుతుకు గది అందరికి ఉమ్మడి. మీ పిల్లలు వ్రాయించిన వేళకే పోయి, వేళకే ముగించి, గది ఊడ్చి రండి. పొరుగువారు పలుకరించకపోయిన గర్వమనుకొనకుడి, అది వారి సిగ్గు. మీరే ముందు చిరునవ్వు నవ్వుడి. దగ్గరి గుడిలో ఆదివారపు కాఫీకి కూర్చుండుడి. భాష రాకపోయినను మీ ప్రక్కన కూర్చున్న ముసలావిడకు మీ తోడు మేలగును. మనవడు అల్లరి చేసిన ఒడిలోనికి తీసికొని మన ఊరి కథ చెప్పుడి. అక్కడి చట్టము కథలు చెప్పవద్దనలేదు.

వెళ్లని మనము ఈ నెలలో ఒక పని చేయుదుము. సంఘములోని ప్రతి ఇంట ఒక సాయంకాలము తండ్రి, తల్లి, పిల్లలు కలిసి కూర్చుండుడి. నీకు ఏ దినమున నావలన భయము కలిగినదని పిల్లలను అడుగుడి. వారు చెప్పునప్పుడు నడుమ అడ్డుపడకుడి, జవాబు చెప్పకుడి, ఊరకనే వినుడి. వారు తెచ్చి మన చేతిలో పెట్టు రాయి ఎంత బరువైనదో అప్పుడు తెలియును. దానిని దాచుకొనుటకు మన ఇంటిలోను ఒక అలమారు ఉండవలెను.

ప్రభువు మీ గృహములకు సమాధానము దయచేయును గాక.